మూగజీవి హక్కు

ఏళ్ల తరబడి పాలిచ్చిన గేదె, పిల్లలతో ఆడుతూ పెరిగిన పిల్లి ముసలివై మూలనపడితే మన బాధ్యత తీరిపోదు, మరింత బరువవుతుంది. ఒక అన్సారీ సహాబీ తోటలో దైవప్రవక్త ముహమ్మద్ (స)ను చూసి ఒంటె కన్నీరు కార్చింది. ఆయన దాని తల నిమిరారు. పస్తులుంచి గొడ్డుచాకిరీ చేయిస్తున్న యజమానిని మందలించి, ఆ మూగజీవి విషయంలో అల్లాహ్‌కు భయపడమన్నారు. మన చేతిలోని జీవి అల్లాహ్ అప్పగించిన అమానత్.

కనుక జబ్బుపడిన జీవిని వీధిపాలు చేయరాదు. నీడపట్టున పొడి పడక వేసి, నోటికందేలా నీరుంచాలి. లేవలేనిదాన్ని పూటపూటా మరోవైపు ఒత్తిగిలించాలి. మనుషుల మందులు వేయరాదు. పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. విజయవాడకు చేరువలోనే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. పాడిపశువులకైతే 1962కు ఫోన్ చేయవచ్చు.

ప్రాణం పోయాక కళేబరాన్ని కాలువలో పడేయడం అన్యాయం. ఏలూరు, బందరు, రైవస్ కాలువల నీటితోనే దిగువ పల్లెల మంచినీటి చెరువులు నిండుతాయి. బావికీ చెరువుకూ దూరంగా, మెరక చూసి, కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టాలి.

పిల్లలు ఏడిస్తే వారించవద్దు. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కళ్లు కూడా చెమర్చాయి. కన్నీటిని ఆయన కారుణ్యమన్నారు. ముసలి జీవిని మనం సాగనంపే తీరు చూసే, ఇంటి పెద్దలను ఎలా చూసుకోవాలో పిల్లలు నేర్చుకుంటారు.