బాల మోడళ్లకు అనుమతి ఏదీ?

కలెక్టరు సంతకం లేకుండానే ప్రకటనల చిత్రీకరణ
వేతనంలో 20 శాతం డిపాజిట్‌ నిబంధనపై కొరవడిన అవగాహన

ఉగాది, దసరా, సంక్రాంతి వచ్చాయంటే పట్టణ కూడళ్లలోని ఫ్లెక్సీలపై పసిపిల్లల నవ్వులే కనిపిస్తాయి. వస్త్ర దుకాణాల హోర్డింగులు, వేసవిలో ప్రైవేటు పాఠశాలల ప్రవేశ ప్రకటనలు, స్థానిక కేబుల్‌ చానళ్లలో వచ్చే చిన్న యాడ్లు... అన్నింటా చిన్నారులే ఆకర్షణ. అయితే యాడ్‌ చిత్రీకరణలో పిల్లలు పాల్గొనాలంటే ముందుగా జిల్లా మెజిస్ట్రేటు, అంటే కలెక్టరు, అనుమతి ఉండాలన్న సంగతి వ్యాపారుల్లో, తల్లిదండ్రుల్లో ఎందరికి తెలుసన్నదే ప్రశ్న.

చట్టం ఏమంటోంది?

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని కేంద్రం 2016లో సవరించింది. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదన్నది ఆ సవరణ సారాంశం. దీనికి రెండు మినహాయింపులు ఇచ్చారు. కుటుంబ వ్యాపారాల్లో బడి వేళలు ముగిశాక సాయపడటం ఒకటి కాగా, సినిమాలు, టీవీ సీరియళ్లు, ప్రకటనల వంటి వాటిలో కళాకారులుగా పాల్గొనడం రెండోది. సర్కస్‌కు మాత్రం ఈ మినహాయింపు లేదు. చదువుకు ఆటంకం కలగరాదన్నది రెండింటికీ వర్తించే షరతు.

ఈ మినహాయింపునకు 2017 జూన్‌లో వెలువడిన నిబంధనలు హద్దులు గీశాయి. చిత్రీకరణ జరిగే జిల్లా మెజిస్ట్రేటు నుంచి నిర్మాత ముందస్తు అనుమతి పొందాలి. పాల్గొనే పిల్లల జాబితా, తల్లిదండ్రుల సమ్మతి, భద్రతకు బాధ్యుడైన వ్యక్తి పేరుతో హామీపత్రం సమర్పించాలి. దాని గడువు ఆరు నెలలు. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించరాదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటరాదు. వరుసగా 27 రోజులకు మించి పని ఉండరాదు. ప్రతి ఐదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుడు ఉండాలి. బిడ్డకు ఇష్టం లేకుంటే బలవంతం చేయకూడదు.

డబ్బు ఎవరిది?

వీటిలో అత్యంత కీలకమైనది ఆదాయానికి సంబంధించిన నిబంధన. చిన్నారి సంపాదనలో కనీసం 20 శాతాన్ని జాతీయ బ్యాంకులో ఆ బిడ్డ పేరిట ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ చేయాలి. మేజరయ్యాక ఆ సొమ్ము చేతికందుతుంది. యాడ్‌కు రూ.10 వేలు ఇస్తే రూ.2 వేలు బిడ్డ ఖాతాకు చేరాలన్నమాట. కానీ పారితోషికానికి బదులు ఓ జత దుస్తులో, బహుమతి కూపనో చేతిలో పెడితే లెక్కకు ఆధారమే మిగలదు. రాతపూర్వక ఒప్పందం లేనిచోట 20 శాతం దేనికి కట్టాలన్న చిక్కు తప్పదు.

నిబంధనల్లోనూ ఓ సందిగ్ధత ఉంది. దృశ్య శ్రవణ నిర్మాణాలు, పిల్లలు పాల్గొనే వాణిజ్య కార్యక్రమాల గురించి అవి స్పష్టంగా చెబుతున్నాయి. కాబట్టి టీవీ యాడ్లు, ర్యాంప్‌ షోలు నిస్సందేహంగా వాటి పరిధిలోకి వస్తాయి. కేవలం ఫ్లెక్సీ కోసం స్టూడియోలో తీసే ఫొటోల మాటేమిటన్నది మాత్రం అంత తేటతెల్లంగా లేదు. జిల్లాల్లో అధికంగా జరిగేది ఈ తరహా చిత్రీకరణే కావడం గమనార్హం.

ఇతర దేశాల్లో ఇలా...

అమెరికాలోని న్యూయార్క్‌ రాష్ట్రంలో ఒకప్పుడు ఇదే లోటు ఉండేది. 2013లో చట్టాన్ని సవరించి, 18 ఏళ్లలోపు ముద్రణ ప్రకటనల మోడళ్లను, ర్యాంప్‌ మోడళ్లను సైతం బాల కళాకారులతో సమానంగా కార్మిక శాఖ పరిధిలోకి తెచ్చారు. ఫ్రాన్స్‌ 2020లో మరో అడుగు ముందుకేసి, ఆన్‌లైన్‌ వీడియోల్లో కనిపించే పిల్లల ఆదాయానికీ రక్షణ కల్పించింది. ఇక్కడా తల్లిదండ్రులే సెల్‌ఫోన్లలో పిల్లల ప్రచార వీడియోలు తీస్తున్న నేపథ్యంలో ఆ అనుభవం పరిశీలించదగినది.

శిక్షలు ఉన్నా...

చట్టాన్ని ఉల్లంఘించి పిల్లలతో పని చేయించినవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.20 వేల నుంచి రూ.50 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే ఇటుక బట్టీలో, హోటల్లో కనిపించే బాలుడిని గుర్తించినంత తేలికగా కెమెరా ముందు ముస్తాబైన చిన్నారిని ఎవరూ కార్మికురాలిగా చూడరు. ఎండలో, వేడి లైట్ల కింద గంటల తరబడి నిలబడినా అది ముచ్చటగానే చలామణి అవుతుంది.

పిల్లలు యాడ్లలో కనిపించడం తప్పు కాదు. చట్టమే అందుకు వీలు కల్పించింది. దరఖాస్తు విధానాన్ని సులభతరం చేసి, ప్రకటన ఏజెన్సీలు, స్టూడియోలు, కేబుల్‌ నిర్వాహకులకు కార్మిక శాఖ అవగాహన కల్పిస్తే సగం సమస్య తీరుతుంది. సంతకం చేసే ముందు అనుమతి పత్రం, డిపాజిట్‌ రసీదు అడగాల్సిన బాధ్యత తల్లిదండ్రులదే. అన్యాయం జరిగితే చైల్డ్‌ హెల్ప్‌లైన్‌ 1098 నంబరుకు ఫోన్‌ చేయవచ్చు. పండుగ ముగిశాక ఫ్లెక్సీ చిరిగిపోతుంది. బిడ్డ పేరిట జమ అయిన సొమ్ము మాత్రం పై చదువుల నాటికి అక్కరకొస్తుంది.