అధికారి ఒకరు, ఊళ్ళు అనేకం: తనిఖీ భారం ఎవరి మీద?

పొన్నూరు బజారులో ఇడ్లీ బండి నడిపే స్త్రీకీ, ఆ ఇడ్లీ తిని పొలానికి వెళ్ళే కూలీ స్త్రీకీ, కుళాయి నీళ్ళు రంగు మారితే గుడ్డ కట్టి వడబోసుకునే ఇల్లాలికీ తనిఖీ వ్యవస్థతో పని ఉంది. నీళ్ళు పరీక్షించడం, తూకం సరిచూడడం, తినే పదార్థాల నమూనాలు తీయడం ప్రభుత్వ యంత్రాంగం చేయాల్సిన పనులు. వీటిని మనం స్త్రీల హక్కుల సమస్యగా ఎందుకు చూడడం లేదు?

ఆహార భద్రతాధికారి గానీ, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గానీ ఒక్క ఊరికి పరిమితం కారు. ఒక్కొక్కరి పరిధిలో అనేక మండలాలుంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. పొన్నూరు, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలాయి. కార్యాలయాల బోర్డులు పెరిగాయి గానీ ఉన్న సిబ్బందినే పంచుకున్నారు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ఒక్కో చోట సుమారు పదిమంది ఉద్యోగులుండాలన్నారు. 2025లో జనాభాను బట్టి ఆ సంఖ్యను ఆరు నుంచి ఎనిమిదికి కుదించారు. దీనికి పెట్టిన పేరు హేతుబద్ధీకరణ.

కలిసి వాడుకోవడమే తప్పని నేను అనడం లేదు. ప్రతి పట్టణానికీ ఒక ప్రయోగశాల పెట్టలేం. నాలుగు ఊళ్ళకు కలిపి ఒక మంచి ప్రయోగశాల ఉంటే నయమే. అయితే నమూనా తీసి అక్కడికి పంపే మనిషి కూడా ఏ ఊరికీ అందకపోతే ఆ ప్రయోగశాల ఎవరికి ఉపయోగం?

డబ్బు లేదన్నది ఎప్పుడూ చెప్పే జవాబు. డబ్బు ఏ షరతులతో వస్తోందో కూడా చూడాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యాలకే ముడిపెట్టింది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదంది. అంటే పైపు వేయడానికి డబ్బుంటుంది, ఆ పైపులో ఏం వస్తోందో చూసే మనిషికి ఉండదు.

ఆ పని ఎవరు చేయాలి? జల జీవన్ మిషన్ దీనికి ఒక దారి చూపింది. ఊరికి అయిదుగురు స్త్రీలకు శిక్షణ ఇచ్చి, కిట్లతో నీళ్ళు పరీక్ష చేయించమంది. స్త్రీలు విజ్ఞానశాస్త్రాన్ని చేతిలోకి తీసుకోవడం మంచిదే. అయితే అది ఉద్యోగం కాదు. నీళ్ళు బాగా లేవని తేలినా సరఫరా ఆపించే అధికారం ఆమెకు లేదు. ప్రభుత్వం తగ్గించుకున్న ఖర్చు స్త్రీల శ్రమగా మారి మన ఇళ్ళలోకి వస్తోంది. దాన్ని మహిళా సాధికారత అని పిలుస్తున్నారు.

తనిఖీ దెబ్బతింటే ఏమవుతుందో మన జిల్లాకు తెలుసు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం వ్యాపించింది. పదిమందికి పైగా చనిపోయారు. అలాంటి రోజుల్లో ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చునేదీ, కూలి పోగొట్టుకునేదీ, బిందె పట్టుకుని దూరం నడిచేదీ ఎవరో వేరే చెప్పనక్కర లేదు. ఏ బడ్జెట్ పద్దులోనూ ఆ ఖర్చు కనిపించదు.

ఇందులో ఒక రాజకీయ విషయం కూడా ఉంది. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం కింద ఆహార తనిఖీలో స్థానిక సంస్థలకు చోటుండేది. 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చిన ఆహార భద్రతా చట్టం ఆ అధికారాన్ని రాష్ట్ర కమిషనరు కిందకు చేర్చింది. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో స్త్రీల వాటా సగానికి పెరిగింది కూడా 2011లోనే. మనం కుర్చీ దాకా వచ్చేసరికి ఆ కుర్చీకున్న అధికారాల్లో ఒకటి పైకి వెళ్ళిపోయింది.

అందుకని అధికారులు ఎక్కువ కావాలని మాత్రమే అడిగితే చాలదు. తీరిక లేని అధికారికి ముందుగా దొరికేది రోడ్డు మీద బండి పెట్టుకున్న స్త్రీయే, కల్తీ నూనె తయారుచేసే వాడు కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలుండాలి. పొన్నూరులో ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది, ఎవరెవరు మాట్లాడారు అని మన సంఘాలు అడగాలి.

ఇంకా కొన్ని అడగాలి. నీటి పరీక్షల ఫలితాలు తేదీతో సహా సచివాలయం గోడ మీద రాయాలి. అనేక మండలాలు చూసే అధికారి ఏ ఊరికి ఏ రోజు వస్తారో ముందే ప్రకటించాలి. నీళ్ళు పరీక్షించే స్త్రీలకు వేతనం ఇవ్వాలి. వాళ్ళు రాసిచ్చిన ఫిర్యాదుకు ఫలానా రోజుల్లో చర్య తీసుకోవాలన్న నియమం ఉండాలి.

గృహహింస చట్టం వచ్చినప్పుడు రక్షణాధికారి బాధ్యతను ఇప్పటికే పని ఎక్కువగా ఉన్న అధికారికి అదనంగా అప్పగించారు. చట్టం ఉండీ మనిషి అందకపోవడం ఎలా ఉంటుందో అప్పుడే చూశాం. నీళ్ళ విషయంలో, తిండి విషయంలో అదే మళ్ళీ జరగనివ్వకూడదు.