ఒడ్డు చేరాక ఏం చేశాం?

1861లో పసిఫిక్ సముద్రంలోని మనిహికి దీవి సంఘ పరిచారకుడు ఎలెకానా కొందరితో కలిసి తెరచాప పడవలో ప్రయాణమయ్యాడు. మనిహికికి, పక్కనున్న రకహంగకు మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లే. కానీ తుఫాను దారి తప్పించింది. దాదాపు ఎనిమిది వారాలు కొట్టుకుపోయి, నుకులైలై అనే పగడపు దీవి చేరారు. అందరూ ప్రాణాలతో మిగలలేదు.

మనమైతే అక్కడే సాక్ష్యం చెప్పి ముగిస్తాం. జ్వరం తగ్గింది, అప్పు తీరింది, దేవునికి స్తోత్రం, ఆమేన్!

ఎలెకానా తనను చేర్చుకున్న దీవివాసులకు వాక్యం బోధించాడు. తనకు తెలిసింది చాలదని సమోవాలోని మాలువా వేదాంత కళాశాలకు వెళ్ళి చదువుకున్నాడు. నేటి టువాలు దేశంలో సంఘం ఆ రాకతోనే మొదలైంది.

అపొస్తలుల కార్యములు 28లో పౌలూ అంతే. ఓడ పగిలి మెలితే ఒడ్డున పడ్డవాడు, వానలో, చలిలో అందరి మంటకోసం పుల్లలు ఏరాడు.

తుఫానును దేవుడే పంపాడని తొందరపడి అనకండి. ఆప్తులను పోగొట్టుకున్నవారూ ఆ మాట వింటారు. దేవుడు మనల్ని ఒడ్డున చేర్చింది ఎవరికో పనికిరావడానికే అని నా నమ్మకం. ఈ ఆదివారం సాక్ష్యం చెప్పబోయేవారిని ఒక్కటే అడుగుతాను: ఒడ్డు చేరాక ఎవరికోసం పుల్లలు ఏరారు?