జైలు రిజిస్టర్ ఎవరు తేవాలి?

ఇందూరు ఖిలా జైలు అంటే దాశరథి గుర్తొస్తాడు. రావాల్సిందే. అదే నిజాం రోజుల్లో నిర్బంధం అనుభవించిన బోధన్ చెరుకు పొలాల కూలీకి మాత్రం కాగితం ఏది?

1972లో కేంద్రం సమరయోధుల పింఛన్ తెచ్చింది. తర్వాత హైదరాబాద్ సంస్థాన పోరాటాన్నీ అందులో చేర్చింది. 6 నెలల జైలు చూపాలి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 3 నెలలు చాలు. వినడానికి బాగుంది. రికార్డు దొరక్కపోతే, ఏడాది జైలు రుజువైన ఇద్దరు తోటి ఖైదీలు సాక్ష్యమివ్వాలి. ఆ సాక్షి ఎమ్మెల్యేనో ఎంపీనో అయితే ఒక్కరే చాలట! వెలివాడ మనిషికి అలాంటి సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

ఈ పింఛన్‌కు క్రిమినల్ కేసు స్థాయి రుజువు అడగొద్దని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టర్ రాసింది సర్కారు, పోతే పోగొట్టిందీ సర్కారే, తెమ్మనేది మాత్రం బాధితుణ్ని. సమరయోధుడు పోయినా భార్యకు హక్కుంది. నిజామాబాద్ జైలు, ఠాణాల ఉర్దూ దస్త్రాల్లో మిగిలినవి తీసి, పేర్లను ఊరివారీగా ప్రకటించాలని మేము అడుగుతున్నాం.