బొమ్మే కదా అనుకుంటే...

ఆదివారం పొద్దున్నే కరెంటు బిల్లు కడదామని కంప్యూటర్ ముందు కూర్చుంటారు నాన్న. బ్రౌజర్ తెరవగానే పైన ఓ మూల 'అప్‌డేట్' అంటూ చిన్న మాట. 'ఇప్పుడెక్కడ, తర్వాత చూద్దాంలే' అనుకుంటారు. వారం గడుస్తుంది. నెల గడుస్తుంది. నాన్న మారరు, ఆ మాటా కదలదు. చాలా ఇళ్లలో జరిగేదిదే. ఇంతకీ ఆ బ్రౌజర్ అన్నిసార్లు ఎందుకు బతిమాలుతున్నట్టు? కొత్త హంగులు చూపించడానికా?

కానే కాదు. చాలాసార్లు దాని వెనక ఓ దొంగదారి కథ ఉంటుంది. 2023లో బయటపడ్డ కథే తీసుకోండి.

నొక్కలేదు... అయినా!

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన కేంద్రం ఉంది. ఓ స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి ఐఫోన్‌ని పరీక్షిస్తుంటే అక్కడి నిపుణులకు 'పెగాసస్' ఆనవాళ్లు దొరికాయి. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్ఎస్ఓ గ్రూప్ తయారుచేసిన గూఢచారి సాఫ్ట్‌వేర్ అది. ఆ ఉద్యోగి తెలియని లింకు నొక్కలేదు, ఎవరికీ పాస్‌వర్డ్ చెప్పలేదు. ఓ సందేశంతో పాటు ఫోన్‌లోకి బొమ్మలు వచ్చాయంతే! వాటిని వేలితో తాకాల్సిన పని కూడా లేకపోయింది.

2023 సెప్టెంబరు 7న ఆపిల్ హడావుడిగా ఐఫోన్లకు అప్‌డేట్ పంపింది. ఆపిల్ భద్రతా విభాగం, సిటిజన్ ల్యాబ్ కలిసి గూగుల్‌నూ అప్రమత్తం చేశాయి. 'వెబ్‌పీ' రకం బొమ్మల్ని చదివే సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందన్నది దాని సారాంశం. సెప్టెంబరు 11న గూగుల్ క్రోమ్‌కూ, మర్నాడు మొజిల్లా ఫైర్‌ఫాక్స్‌కూ మరమ్మతు వచ్చింది. ఆ లోపాన్ని అప్పటికే కొందరు వాడుకుంటున్నారని గూగుల్ ఒప్పుకుంది. రెండు పోటీ బ్రౌజర్లకూ ఒకే జబ్బు ఎందుకంటే... ఆ బొమ్మల్ని చదవడానికి రెండూ వాడేది ఒకే సాఫ్ట్‌వేర్. 2010లో వెబ్‌పీని పరిచయం చేసిన గూగుల్ దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది మరి.

బొమ్మ చూపించడంలో అంత ప్రమాదం ఏముంటుంది? అది తెలియాలంటే ఓసారి సత్రానికి వెళ్లిరావాలి.

సత్రంలో గదులు

కంప్యూటర్ మెమరీ ఓ పెద్ద సత్రం లాంటిది. వరసగా నంబర్లు వేసిన గదులు. బ్రౌజర్ ఓ పేజీ తెరిచినప్పుడల్లా అక్షరాలకు కొన్ని, బొమ్మలకు కొన్ని, వీడియోకు కొన్ని గదులు అడిగి తీసుకుంటుంది. పని అయ్యాక ఖాళీ చేస్తుంది. కొన్ని గదుల్లో సామాన్లుంటాయి. కొన్నింట్లో 'తర్వాత ఏం చేయాలి' అని రాసిన చీటీలుంటాయి. కంప్యూటర్ ఆ చీటీ ప్రకారం నడుచుకుంటుంది, ఎవరు రాశారని అడగదు.

ఓ పెళ్లివారు పది గదులు చాలన్నారు. తీరా వస్తే పన్నెండు గదుల సామాను! గుమాస్తా లెక్క చూడకుండా దింపించేస్తే పక్క గదుల్లోకీ చేరుతుంది. ఆ పక్క గదిలో ఉన్నది చీటీ అయితే? పాత చీటీ పోయి, వచ్చినవాళ్లు తెచ్చిన చీటీ అక్కడ కూర్చుంటుంది. ఇక సత్రం వాళ్లు చెప్పినట్టే నడుస్తుంది. దీన్నే నిపుణులు 'బఫర్ ఓవర్‌ఫ్లో' అంటారు.

వెబ్‌పీలో జరిగింది ఇలాంటిదే. ఫైలు సైజు తగ్గించడానికి అందులో తరచూ వచ్చే వాటికి చిన్న గుర్తులు, అరుదుగా వచ్చే వాటికి పెద్ద గుర్తులు ఇస్తారు. డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రచురించిన పద్ధతి అది. ఏ గుర్తుకు ఏమర్థమో చెప్పే పట్టిక కోసం బ్రౌజర్ ముందే కొంత చోటు ఉంచుతుంది. సక్రమమైన బొమ్మకు ఆ చోటు చాలు. కావాలనే తప్పుడు లెక్కలతో తయారుచేసిన బొమ్మ వస్తే పట్టిక ఆ చోటు దాటి పక్క గదుల్లోకి పొంగుతుంది. మరమ్మతు ఏమిటంటారా? ముందు కొలిచి చూసి, ఆ తర్వాతే రాయడం. అంతే!

ఖాళీ చేసిన గది

రెండో రకం ఇంకా చిత్రమైనది. పన్నెండో గదిలో మేనేజరుగారున్నారు, ఆయన ఏం చెబితే అది చెయ్యమని పనివాడి జేబులో ఓ కాగితం ఉంది. మేనేజరుగారు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. కాగితం చింపడం అందరూ మరిచారు. ఆ గదిలో ఓ దొంగ దిగాడు. పనివాడు వెళ్లి తలుపు తట్టి, 'ఏం చెయ్యమంటారండీ' అని చేతులు కట్టుకున్నాడు! 'యూజ్ ఆఫ్టర్ ఫ్రీ' అనే లోపం ఇదే. 2010 జనవరిలో గూగుల్‌తో సహా పలు కంపెనీల మీద దాడి జరిగినట్టు బయటపడింది. అప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో వాడుకున్నది ఈ రకం లోపాన్నే. మరమ్మతు వచ్చేదాకా వేరే బ్రౌజర్ వాడుకోమని జర్మనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థలు ప్రజలకు చెప్పాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ జనవరి 21న అత్యవసరంగా మరమ్మతు విడుదల చేసింది.

ఇన్నేళ్లయినా ఈ తప్పులెందుకు పోవు? బ్రౌజర్లలో ఎక్కువ భాగం సీ, సీ++ భాషల్లో రాసినవే. అవి చాలా వేగంగా పనిచేస్తాయి. కానీ గదుల లెక్క చూసుకునే బాధ్యతంతా రాసే మనిషి మీదే పెడతాయి. లక్షల వరుసల్లో ఒక్కచోట లెక్క తప్పినా చాలు. క్రోమ్‌లోని తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఇలా మెమరీ లెక్క తప్పినవేనని ఆ బృందమే 2020లో ప్రకటించింది. అందులో సగం 'ఖాళీ చేసిన గది' రకం.

తాళం మీద తాళం

తప్పులు పూర్తిగా పోవని తెలిశాక ఇంజినీర్లు కాపలా పెంచారు. ఒకటి, సత్రం తెరిచిన ప్రతిసారీ గదుల వరస మార్చేస్తారు. ఏ చీటీ ఎక్కడుందో దొంగకు తెలియదు. రెండు, సామాన్ల గదిలో దొరికిన కాగితాన్ని ఆజ్ఞగా తీసుకోవద్దని కంప్యూటర్‌కు నేర్పారు. విండోస్ ఎక్స్‌పీకి 2004లో వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో ఈ ఏర్పాటు అందింది. మూడు, వెబ్ పేజీల్ని విడిగా ఓ ఆవరణలో కూర్చోబెట్టడం. 2008లో వచ్చిన క్రోమ్ మొదటినుంచీ ఈ పద్ధతి పాటించింది. దొంగ అక్కడికొచ్చినా మీ ఫైళ్లున్న గదిలోకి రావాలంటే ఇంకో గోడ దూకాలి. నాలుగు, పాత కాగితాలన్నీ వెనక్కి వచ్చేదాకా ఖాళీ అయిన గదిని ఎవరికీ ఇవ్వకపోవడం. క్రోమ్‌లో 2022లో మొదలైన ఈ ఏర్పాటుకు 'మిరకిల్ పాయింటర్' అని పేరు.

తప్పు జరగడానికే వీల్లేకుండా చేస్తే? ఆ ప్రయత్నమూ ఉంది. కెనడాలోని వాంకోవర్‌లో గ్రేడన్ హోర్ అనే ఇంజినీరు ఉండేవారు. 2006లో ఓ రోజు ఇంటికి వచ్చేసరికి లిఫ్టు పనిచేయడం లేదు. సాఫ్ట్‌వేర్ ఆగిపోయిందట. ఆయన ఇల్లేమో 21వ అంతస్తు! మెట్లెక్కుతూ విసుక్కున్న ఆ మనిషే 'రస్ట్' అనే కొత్త భాషకు శ్రీకారం చుట్టారు. ఇందులో ప్రతి గదికీ ఒక్కరే యజమాని. ఖాళీ చేసిన గది తలుపు తట్టేలా ప్రోగ్రామ్ రాస్తే, అది తయారయ్యే దశలోనే తిరస్కరిస్తుంది. 2016 నుంచి ఫైర్‌ఫాక్స్‌లో కొన్ని భాగాల్ని రస్ట్‌లో రాస్తున్నారు. క్రోమ్ కూడా ఆ దారిలో నడుస్తోంది. కానీ దశాబ్దాల పాత భవనాన్ని ఒక్కరోజులో పడగొట్టి కట్టలేరు కదా!

మిగిలింది మన వంతు

ఇక్కడే అసలు సంగతి ఉంది. మరమ్మతు విడుదలైన రోజు నుంచి ప్రమాదం తగ్గాలి. కానీ 'తర్వాత చూద్దాం' అనేవారికి పెరుగుతుంది. పాత బ్రౌజర్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చితే ఏ గోడకు చిల్లు ఉండేదో తెలివైన దొంగ కనిపెట్టేస్తాడు. అందుకే గూగుల్ 2023 ఆగస్టు నుంచి క్రోమ్ భద్రతా మరమ్మతుల్ని వారం వారం ఇవ్వడం మొదలుపెట్టింది. మన దేశంలో సెర్ట్-ఇన్ సంస్థ కూడా బ్రౌజర్ల లోపాలపై తరచూ హెచ్చరికలు ఇస్తుంటుంది.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. కంప్యూటర్‌లో క్రోమ్ కొత్త రూపం చాలాసార్లు తనంతట తనే దిగుతుంది. కానీ బ్రౌజర్ మూసి మళ్లీ తెరిచేదాకా పాతదే నడుస్తుంటుంది. వారాల తరబడి మూయకుండా ఉంచే అలవాటుంటే మానుకోవాలి. పైన మూడు చుక్కలు నొక్కి, 'హెల్ప్'లో 'అబౌట్'కి వెళితే సంగతి తెలుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచి, ఐఫోన్‌లో అయితే ఫోన్ సెట్టింగ్స్ నుంచి అప్‌డేట్ చేసుకోవాలి. ఏదో వెబ్‌సైట్ చూస్తుండగా 'మీ బ్రౌజర్ పాతది, ఇక్కడ నొక్కండి' అని పేజీలో ప్రత్యక్షమైతే మాత్రం నమ్మొద్దు. అది దొంగ వేసే మారువేషం కావచ్చు.

పాత యంత్రాల సంగతీ చూడాలి. విండోస్ 7 మీద నడిచే క్రోమ్ 2023 మొదట్లో వచ్చిన 109వ రూపం దగ్గరే ఆగిపోయింది. అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయకపోవడం మంచిది. తాతయ్యకు ఇచ్చిన పాత ఫోన్‌కు అప్‌డేట్లు వస్తున్నాయో లేదో మనవలు ఓసారి చూసిపెట్టాలి.

గోడకు చిల్లు పడటం మీ తప్పు కాదు. దాన్ని పూడ్చే సున్నం, ఇటుక కంపెనీలే పంపుతున్నాయి. తలుపు తీసి లోపలికి రానివ్వాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లే. ఈసారి మూలన ఆ చిన్న మాట కనిపిస్తే కరెంటు బిల్లు రెండు నిమిషాలు ఆగినా ఫర్వాలేదు!