నిపుణుడి అరచేతిలో కొబ్బరికాయ

బోరు పాయింటు చూస్తానని అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగేవాణ్ణి చూసి మనం నవ్వుతాం. కాయ నిలబడ్డ చోట నీళ్ళు పడితే అతని మహిమ, పడకపోతే రైతు తలరాత. సరే. మరి పొద్దున జీపు దిగి, సాయంత్రానికల్లా "ఈ వాటర్‌షెడ్‌కు కరువును తట్టుకునే శక్తిలో 5కి 4 మార్కులు" అని తేల్చేసే నిపుణుడి ముందు మాత్రం చేతులు కట్టుకుని ఎందుకు కూర్చుంటాం? మొన్న మిత్రుల సమావేశంలో ఈ మాటంటే "మీరు సైన్సునే కాదంటున్నారు" అని ఒకాయన నా మీదికి లేచారు. కాదండీ బాబూ, నేను అడిగేదే సైన్సుని.

నిపుణుల అంచనా అసలు వద్దనడం లేదు. 30 ఏళ్ళ తర్వాత రాబోయే కరువును ఇవాళ కొలిచే మీటరు ఎక్కడా లేదు. ఐపీసీసీ నివేదికల్లో "అధిక విశ్వాసం", "మధ్యస్థ విశ్వాసం" అని రాసేది కూడా శాస్త్రవేత్తలు కూర్చుని తేల్చుకున్నదే. కానీ వాళ్ళు ఆధారం ఎంతుందో, ఏకాభిప్రాయం ఎంతుందో చూసి మరీ రాస్తారు. మనవాళ్ళు మార్కులేసి సంతకం పెడతారు!

మహారాష్ట్రలో 2014లో జలయుక్త శివార్ మొదలైంది. ఊళ్ళకు ఊళ్ళు కరువు నుంచి బయటపడ్డాయని ప్రకటించుకున్నారు. 9,633.75 కోట్లు ఖర్చయ్యాక, భూగర్భ జలాల పెంపులో దాని ప్రభావం స్వల్పమేనని 2020లో కాగ్ తేల్చింది.

అంత దూరమెందుకు, మన కళ్యాణదుర్గం, డోన్ ప్రాంతాల్లో 2000ల మొదట్లో జరిగిన నీటి ఆడిట్ చూడండి. పైన చెక్ డ్యాములు, బోర్లు పెరిగేకొద్దీ కింది చెరువులకు వచ్చే నీళ్ళు తగ్గుతాయని అది హెచ్చరించింది. అంటే పై ఊరికి 4 మార్కులు తెచ్చిపెట్టిన నీళ్ళే కింది ఊరి చెరువుకు చేరని నీళ్ళు కావచ్చు. జీపు ఆ ఊరికి వెళ్ళదు. పైగా మంచి వానలు కురిసిన ఏడు వెళ్ళి చూస్తే ఏ వాటర్‌షెడ్డయినా విజయమే. పక్కనే, పని జరగని ఊళ్ళో కూడా బావులు నిండాయా అని అడిగినవాడేడీ?

అంచనా వేయడానికి డెల్ఫీ అనే పద్ధతొకటుంది. గ్రీకుల సోది చెప్పే గుడి పేరు పెట్టుకుంది గానీ, పద్ధతి మంచిదే. ఒకరి పేరు ఒకరికి తెలియకుండా ఎవరికి వారు అంచనా రాసి, కారణాలు చెప్పి, మిగతావారివి చదివి మళ్ళీ రాయాలి. నేనైతే దానికి ఒక షరతు కలుపుతాను. అంచనా అంకెల్లో ఉండాలి: వచ్చే కరువు ఏడాది మే నెలలో ఫలానా బావుల్లో నీళ్ళు ఎన్ని మీటర్ల లోతున ఉంటాయి, ఎంత తేడాతో? ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించాలి. మే నెల వచ్చాక తాడు వేసి కొలవాలి.

ఒక మూల్యాంకన నివేదిక వెనకున్న లెక్కల కోసం నేను సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మార్కుల పట్టిక వచ్చింది. బావుల కొలతలు అందుబాటులో లేవట.