నీటికాసులు: చూపు తగ్గకముందే తెలుసుకొనే కొలత

బాయిలరు గొట్టం పగిలిన తరువాత దాని మందం కొలిచి ప్రయోజనం లేదు. అందుకే వార్షిక ఓవర్‌హాల్‌లో అల్ట్రాసానిక్ గేజితో మందం చూసి, పాత కొలతలతో పోలుస్తాం. నీటికాసులు, అనగా గ్లకోమా విషయంలో నేత్రవైద్యులు అనుసరించే మార్గమూ ఇటువంటిదే.

కంటినుండి మెదడుకు దృశ్యాన్ని చేరవేసే నాడిలో 10 లక్షలకు పైగా తంతువులుంటాయి. ఈ వ్యాధిలో అవి క్రమంగా నశిస్తాయి. శుక్లానికి శస్త్రచికిత్స చేస్తే చూపు వస్తుంది. ఇక్కడ పోయిన చూపు తిరిగి రాదు. చాలామందికి నొప్పి కూడా ఉండదు. దృష్టిక్షేత్ర పరీక్షలో లోపం బయటపడేసరికే నాలుగోవంతుకు మించి తంతువులు నశించి ఉండవచ్చు.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ ప్రకటించిన ఆఫ్తాల్మోస్కోపుతో వైద్యులు సజీవ నేత్రంలో ఈ నాడి మొదలును చూడగలిగారు. దాని మధ్యనున్న గుంట పెరుగుతున్నదా, అంచు పలుచబడుతున్నదా అని గమనించడం నేటికీ ముఖ్యమే. 1991లో అమెరికా పరిశోధకులు ప్రకటించిన ఓసీటీ పద్ధతి ఆ చూపుకు కొలతను జోడించింది. ఇందులో ధ్వనికి బదులు కాంతిని వాడతారు. పరారుణ కాంతిని రెండు పాయలుగా చీల్చి, ఒకదానిని రెటీనాపైకి, మరొకదానిని అద్దంపైకి పంపుతారు. తిరిగివచ్చిన కిరణాల వ్యతికరణాన్ని బట్టి పొరల లోతు తేలుతుంది. నాడి చుట్టూ తంతువుల పొర సగటు మందం ఆరోగ్యవంతులలో సుమారు 100 మైక్రాన్లు. నేటి యంత్రాలు సుమారు 5 మైక్రాన్ల సూక్ష్మతతో పొరలను వేరుచేసి చూపగలవు.

అయితే నీటికాసులలో రకాలున్నాయి. కంటిలోని ద్రవం బయటకు పోయే కోణం తెరచియున్న రకం ఒకటి, మూసుకుపోయే రకం మరొకటి. పీడనం మామూలుగా ఉన్నా నాడి దెబ్బతినే రకం ఇంకొకటి. ఇందులో నాడి అంచున చిన్న రక్తపు మరక కనబడటం ఎక్కువ. కనుక పీడనం కొలిచి ఊరుకుంటే చాలదు. రెటీనా చిత్రం నష్టాన్ని చెబుతుందే గాని, కోణం సంగతి చెప్పదు. అందుకు గోనియోస్కోపీ అనే పరీక్ష వేరుగా చేయాలి. గొట్టం పలుచబడిందని గేజి చెబుతుంది; తుప్పు వలననా, రాపిడి వలననా అన్నది మనమే వెతకాలి కదా! కారణాన్ని బట్టే చికిత్స: కోణం మూసుకుపోయే కంటికి లేజరుతో చిన్న రంధ్రం చేయవలసి రావచ్చు, తెరచియున్న కంటికి సాధారణంగా చుక్కల మందుతో పీడనం తగ్గిస్తారు.

1996లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో భాగంగా హైదరాబాదులో పరీక్షించినప్పుడు, కోణం తెరచియున్న రకం సోకినవారిలో అత్యధికులకు ఆ సంగతి అంతవరకు తెలియదని తేలింది. కనుక 40 ఏళ్లు దాటినవారు, తోబుట్టువులలో గాని తల్లిదండ్రులలో గాని ఈ వ్యాధి ఉన్నవారు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారు తప్పక పరీక్ష చేయించుకోవాలి. రిపోర్టులో ఎరుపు రంగు కనబడగానే బెదరవద్దు; హ్రస్వదృష్టి ఎక్కువగా ఉన్నవారిలో వ్యాధి లేకున్నా అది కనబడవచ్చు. మొదటి రిపోర్టును భద్రపరచి, వీలైనంతవరకు అదే రకం యంత్రంపై తరువాతి పరీక్షలు చేయించుకోండి. ఒక యంత్రం కొలత మరొకదానితో సరిపోలదు. పోల్చడానికి పాత కొలత చేతిలో ఉన్నప్పుడే కొత్త కొలతకు విలువ.